ఐదుకి ఒకటి పాయింట్ తొమ్మిది

జూలై 8, సోమవారం

విశేషాలేమీ లేవు. పొద్దున వాన. మధ్యాహ్నం డిపార్ట్‌మెంటు మీటింగు. విద్యార్థుల సంతృప్తి సర్వే ఫలితాలు తెర మీద వేసి చూపించారు. నాకు ఐదుకి ఒకటి పాయింట్ తొమ్మిది వచ్చింది. నాకేం బాధ లేదు.

జూలై 9, మంగళవారం

నిన్న వివరంగా రాయలేదు. రాయడానికి ఏమీ లేక.

తెర మీద అందరి పేర్లూ నిలువు గీతల్లా లేచాయి. చప్పట్ల మాస్టారి గీత తెర దాటి పైకప్పు మీదికి పాకింది. ఆయన క్లాసు అవగానే పిల్లలు చప్పట్లు కొడతారు, అందుకని ఆయనకి ఆ పేరు పెట్టాను, మనసులో. నా గీత ఎంత పొట్టిదంటే పేరు అందులో పట్టక పక్కన రాశారు. పోయినేడు రిటైరైన మా సీనియర్ పేరు పొరపాటున జాబితాలో ఉండిపోయింది. ఈ ఏడాది క్లాసు గుమ్మం తొక్కని ఆయనకి రెండు పాయింట్ నాలుగు.

ఇరవై రెండేళ్ళుగా ఇంజినీరింగు పిల్లలకి ఫ్లూయిడ్స్ చెబుతున్నాను. గొట్టంలో నీళ్ళు ఎలా పారతాయి, ఎక్కడ వేగం పెరుగుతుంది, ఎక్కడ ఒత్తిడి తగ్గుతుంది, అదీ పాఠం. చేతిలో కాగితం ముక్క ఉండదు. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగానంటే గంట కొట్టేదాకా ఇటు తిరగను. అంత ఏకాగ్రత! దానికి ఒకటి పాయింట్ తొమ్మిది.

జూలై 10, బుధవారం

హెడ్డు గదికి పిలిచాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. టేబుల్ మీద నవ్వు మొహం బొమ్మ పెట్టుకున్నాడు.

"సార్, మీరేం అనుకోకండి. ఈ రోజుల్లో విద్యార్థి అంటే మనకి కస్టమరు."

"కస్టమరు వాళ్ళయితే మరి సరుకేదండీ? సరుకూ వాళ్ళేగా?" అన్నాను.

ఈ మాట నిజానికి మెట్లు దిగుతుండగా తట్టింది. గదిలో నేనన్నది "సరేనండీ" అని. అయినా నా డైరీలో నేను కోరుకున్న చోట రాసుకుంటాను.

వచ్చే సర్వేలో మూడు దాటకపోతే ఫ్లూయిడ్స్ నా చేతిలోంచి తీసేస్తాడట. ఫర్నిచర్ కమిటీలో ఖాళీ ఉందట. విరిగిన కుర్చీలు, ఊగే బల్లలు. "అక్కడ సర్వే ఉండదు సార్, ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు. ఓదార్పు కాబోలు.

జూలై 12, శుక్రవారం

పిల్లలు రాసిన వ్యాఖ్యలు కూడా పంపించారు. పేర్లుండవు. పట్టించుకోదలచుకోలేదు కాబట్టి ఒక్కసారే చదివాను.

"సార్ గొంతు బాగుంటుంది. నిద్రకి."

"సార్ చొక్కాలన్నీ వెనక వైపు నుంచి గుర్తుపట్టగలను."

"ఈ కోర్సులో మీకు బాగా నచ్చినదేమిటి అని అడిగారు. గంట."

"సార్ గోడకి పాఠం చెబుతారు. గోడ పాసైంది. మేం ఫెయిలయ్యాం."

మధ్యాహ్నం మళ్ళీ ఒక్కసారే చదివాను.

జూలై 15, సోమవారం

మా ఆవిడ పళ్ళ డాక్టరు. ఆమె అన్న కూతురు మా ఇంట్లోనే ఉండి ఇదే యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదువుతోంది. భోజనాల దగ్గర మాటవరసకి సర్వే సంగతి ఎత్తాను.

మేనకోడలు వెంటనే అంది: "మావయ్యా, దాన్నెవరూ చదవరు. అది నింపకపోతే మార్కుల పేజీ తెరుచుకోదు. అందుకని టకటకా నొక్కేస్తాం. ఆరోజు క్యాంటీన్‌లో టీ బాగుంటే అందరికీ నాలుగు."

నా మనసు తేలికపడింది. "చూశావా, చదవరట" అన్నాను మా ఆవిడతో.

"మరి మీకు ఒకటి పాయింట్ తొమ్మిది ఎలా వచ్చింది?" అంది ఆవిడ.

మేనకోడలు ముద్ద నములుతూ ఆలోచించింది. "మావయ్యకి మాత్రం చదివే నొక్కి ఉంటారత్తా."

జూలై 22, సోమవారం

గోడ మాట రాసింది ఎవరో తెలుసుకోవాలని నాకేం ఆసక్తి లేదు. అయితే ఫెయిలైన పాత పిల్లలు కొందరు మళ్ళీ నా క్లాసులోనే ఉన్నారు కదా అని, అనుకోకుండా ఒక చిన్న పరీక్ష పెట్టాను. ట్యాంకు గోడ మీద నీటి ఒత్తిడి గురించి సొంత మాటల్లో రాయమన్నాను. ఎవరు "గోడ" ఎలా రాస్తారో, ఎవరి వాక్యం తీరు కలుస్తుందో చూద్దామని. అందరూ గోడని సరిగ్గానే రాశారు. ఉన్నదే రెండక్షరాలు.

చివరి బెంచీ అమ్మాయి పేపరు ఖాళీ. రోజూ నిద్రపోతుంది. నేను నిద్రగన్నేరు అని పేరు పెట్టుకున్నాను. పాపం, ఇంట్లో బాగా పొద్దుపోయేదాకా చదువుతుంది కాబోలు.

ఈ మాట మేనకోడలితో అంటే, "బోరు కొట్టి అయ్యుంటుంది మావయ్యా" అంది. ఈ కాలం పిల్లలకి తోటి పిల్లల మీద జాలి లేదు.

ఆగస్టు 5, సోమవారం

హెడ్డు నన్ను చప్పట్ల మాస్టారి దగ్గర శిక్షణకి పంపాడు. ఆయన గదిలో సోఫా ఉంది. నాకు నలభై నిమిషాలు బోధించాడు. నిజం చెప్పొద్దూ, బాగా చెప్పాడు.

"గంటలో పాఠం పది నిమిషాలు చాలు. మిగతా అంతా మీరే."

"నేనంటే?"

"మీ జీవితం సార్! మీరు పడ్డ కష్టాలు. పిల్లలకి అదే కావాలి."

"నేనేం కష్టపడలేదండీ. మా ఇంటి ఎదురుగానే బడి. ఫీజు మా నాన్న కట్టేవాడు."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "అయితే కల్పించండి."

"పాఠం పూర్తవదేమోనండీ."

"పాఠం పూర్తయిందా అని సర్వేలో ప్రశ్న ఉందా?"

లేదు. వచ్చాక తీసి చూశాను. "ఈ కోర్సు మీ ఆనందాన్ని ఎంత పెంచింది?" అనేది ఉంది. పక్కన ఐదు మొహాలు, ఏడుపు నుంచి నవ్వు దాకా.

ఆగస్టు 20, మంగళవారం

క్లాసులో చిన్నప్పుడు నేను రోజూ నది ఈది బడికెళ్ళిన సంగతి చెప్పాను. పుస్తకాలు నెత్తిన పెట్టుకుని. ఎంత నిశ్శబ్దం! ముందు బెంచీ వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఊపులో నీటి వేగం, ప్రవాహం అని రెండు మాటలు కూడా కలిపాను. అంటే పాఠం చెప్పినట్టే.

సెప్టెంబరు 3, మంగళవారం

నది కొంచెం వెడల్పయింది.

సెప్టెంబరు 17, మంగళవారం

నా కథ ఎకనామిక్స్ దాకా పాకింది. మేనకోడలు భోజనాల దగ్గర అడిగింది:

"అత్తా, మావయ్యకి ఈత వచ్చా?"

"బకెట్లో కూడా రాదు" అంది మా ఆవిడ.

ఇద్దరూ నా వైపు చూశారు. పులుసు బాగుందన్నాను.

నిజానికి అబద్ధం అనేది పెద్ద మాట. ఫ్లూయిడ్స్ మాస్టారికి నదితో సంబంధం ఉందని పిల్లలకి నమ్మకం కుదిరితే సబ్జెక్టు మీద గౌరవం పెరుగుతుంది. ఇది బోధనా పద్ధతి.

అక్టోబరు 8, మంగళవారం

బిస్కెట్లు కూడా మొదలుపెట్టాను. ఎవరైనా జవాబు చెబితే ఒకటి. చెప్పకపోతే ప్రయత్నించినందుకు ఒకటి. నిద్రగన్నేరుకి పక్క అమ్మాయి అందించింది. కళ్ళు తెరవకుండానే తింది.

ఈ రోజు క్లాసు చివర చప్పట్లు కొట్టారు. నేను తల వంచి బల్ల మీది డస్టరు సర్దుకున్నాను. ఏం చేయాలో తెలియలేదు. చాలా చవకబారు అలవాటు.

రేపు కూడా కొడతారేమో చూడాలి.

అక్టోబరు 9, బుధవారం

కొట్టారు.

నవంబరు 14, గురువారం

రేపు పరీక్ష. పిల్లలు భయపడుతున్నారు కదా అని ప్రశ్నల దిశ సూచించాను. దిశ అంటే ప్రశ్నలే. అంకెలు మాత్రం చెప్పలేదు. తర్వాత ఒకడు అడిగితే అవీ చెప్పాను.

నవంబరు 20, బుధవారం

పేపర్లు దిద్దడం ఎంత హాయి! అందరివీ ఒకటే జవాబులు, అన్నీ ఒప్పులు. పిల్లలు నేర్చుకుంటే ఇంత సులువు. నిద్రగన్నేరుకి తొంభై ఆరు. ఆ నాలుగు మార్కులూ దస్తూరీకి తగ్గించాను.

డిసెంబరు 16, సోమవారం

నాలుగు పాయింట్ ఏడు!

నా గీత తెర చివరిదాకా లేచింది. చప్పట్ల మాస్టారిది నాలుగు పాయింట్ ఆరు. ఆయన నా చెయ్యి పట్టుకుని అభినందించాడు. కొంచెం గట్టిగానే పట్టుకున్నాడు.

ఒక వ్యాఖ్య: "సార్ మా జీవితాలు మార్చారు. సబ్జెక్టు పేరు గుర్తు లేదు."

నేను ఇలాంటి అంకెల్ని పట్టించుకునేవాణ్ణి కాదు. అయితే కొలిచే పద్ధతి ఈసారి బాగా మెరుగుపడిందని ఒప్పుకోవాలి. శాస్త్రీయంగా ఉంది.

జనవరి 24, శుక్రవారం

ఉత్తమ బోధకుడి పురస్కారం. సభలో హెడ్డు నన్ను పరిచయం చేస్తూ నది సంగతి ఎత్తాడు. ఆయన చెప్పిన నదిలో మొసళ్ళు కూడా ఉన్నాయి. అవి నావి కావు. చెబుతూ చెబుతూ ఆయనకే గొంతు పూడుకుపోయింది. ముందు వరసలో మా ఆవిడ పళ్ళు బిగబట్టి కూర్చుంది. పక్కన మేనకోడలు చున్నీ నోట్లో కుక్కుకుంది.

నన్ను "బోధనా శ్రేష్ఠతా సంఘం" అధ్యక్షుణ్ణి చేశారు. ఇకపై తక్కువ మార్కులొచ్చిన లెక్చరర్లకి నేనే శిక్షణ ఇవ్వాలి. నాకో సోఫా కూడా ఇస్తారట.

ఫిబ్రవరి 10, సోమవారం

నా దగ్గర ఫ్లూయిడ్స్ అయిపోయిన పిల్లలు ఈ టర్ములో టర్బైన్ మేడం దగ్గరికి వెళ్ళారు. నీటి యంత్రాలు చెబుతుంది కాబట్టి ఆ పేరు. ఈసారి నేను పెట్టింది కాదు, అందరూ అలాగే అంటారు. ఆవిడకి సర్వేలో ఎప్పుడూ రెండు పాయింట్ ఎనిమిది వస్తుంది. చూసుకోను కూడా చూసుకోదు.

వరండాలో ఆపింది. "మీ పిల్లలు నా క్లాసుకొచ్చారండీ. అందరూ సంతోషంగా ఉన్నారు."

"థాంక్సండీ."

"ఒక్కరికీ ఏమీ రాదు. గొట్టం సన్నబడిన చోట ఏమవుతుందని అడిగితే ఒకడు లేచి మీరు నది ఈదిన కథ చెప్పాడు."

"బాగా చెప్పాడా?" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. నోరు జారింది.

ఆవిడ నవ్వలేదు. నవ్వదు. అందుకే రెండు పాయింట్ ఎనిమిది. "మొదటి పరీక్ష పెట్టాను. సగం క్లాసుకి పదిలోపే. రెండో పరీక్షకీ ఇలాగే ఉంటే ఏడాది పోతుంది వాళ్ళకి" అని పుస్తకాలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

సంఘం తరఫున ఆవిడకి శిక్షణ ఇవ్వాల్సి ఉంటుంది.

ఫిబ్రవరి 12, బుధవారం

సోఫా వచ్చింది. దాని మీద మొదట కూర్చున్నది నిద్రగన్నేరు. కూర్చుంది అంటే, అంచున ఆనుకుంది. మెలకువగా ఉండగా ఆ పిల్ల మొహం చూడటం ఇదే మొదలు. చురుకైన కళ్ళు.

"సార్, మీ పేపర్లో నాకు తొంభై ఆరొచ్చాయి. మేడం పేపర్లో నాలుగు."

"మేడం పేపరు కష్టంగా ఇస్తారమ్మా."

"కష్టం కాదు సార్. ముందు రోజు చెప్పలేదు, అంతే."

నేను బల్ల మీది పురస్కారాన్ని కొంచెం పక్కకి జరిపాను.

"నాకేమీ రాదు సార్. తొంభై ఆరొచ్చాయి. రెండూ ఎలా నిజమవుతాయి?" ఆ పిల్ల ఎగతాళికి అడగలేదు. లెక్క తేలక అడుగుతున్నట్టే అడిగింది. "మా అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసి తొంభై ఆరని చెప్పేసింది. ఇప్పుడు నాలుగని ఎలా చెప్పను? చదువు మానేసి ఇంటికెళ్ళిపోదామనుకుంటున్నా. మానేస్తానంటే ఎవరి సంతకం కావాలి సార్, మీదా, మేడందా?"

నేను ధైర్యం చెప్పి పంపించాను. ఏం చెప్పానో సరిగ్గా గుర్తు లేదు. ధైర్యమే అయి ఉంటుంది. సంతకం సంగతి సోమవారం చూద్దామన్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

నాకేం బాధ లేదు.

మధ్యాహ్నం క్లాసులో, ఈ టర్ములో నాకిచ్చిన కొత్త సెక్షన్‌కి నది కథ మొదలుపెట్టాను. ఒడ్డు దాకా వెళ్ళి దిగలేకపోయాను. తలనొప్పిగా ఉందని ముందే వదిలేశాను. దానికీ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం మా ఆవిడ క్లినిక్‌కి వెళ్ళి కూర్చున్నాను. ఎందుకొచ్చారంది. పన్ను లాగుతోందన్నాను. కుర్చీలో పడుకోబెట్టి అద్దం పెట్టి చూసింది.

"పళ్ళన్నీ బానే ఉన్నాయి. ఏమైంది?"

నోరు తెరిచి ఉండగానే చెప్పాను. అలా చెబితే మాటలు సరిగ్గా రావు, సగం చెప్పకుండానే చెప్పినట్టవుతుంది. ఆవిడకి అంతా అర్థమైంది. ఇరవై ఏళ్ళుగా తెరిచిన నోళ్ళ భాషే వింటోంది.

"నా దగ్గరికొచ్చేవాడెవడూ సంతోషంగా రాడు. నేనూ సంతోషంగా ఉన్నావా అని అడగను. ఎక్కడ నొప్పి అని అడుగుతాను. ఆ పిల్లని అడిగారా?"

"సోఫా మీద కూర్చోమన్నాను" అన్నాను.

"పుక్కిలించి ఉమ్మేయండి" అంది.

ఫిబ్రవరి 15, శనివారం

టర్బైన్ మేడం పరీక్ష తప్పినవాళ్ళని శనివారం రమ్మన్నాను, మళ్ళీ చెబుతానని. హాజరు లేదు, మార్కులు లేవు, బిస్కెట్లు లేవు. పదిమంది దాకా వచ్చారు.

గదులన్నీ తాళాలు. మా సంఘం వాళ్ళే "ఆనందమయ బోధన" అనే సదస్సుకి తీసుకున్నారట. అధ్యక్షోపన్యాసం నాది. జలుబని కబురు పంపించి పిల్లల్ని కింద ల్యాబులోకి తీసుకెళ్ళాను.

ల్యాబులో బోర్డు లేదు! సుద్దముక్క చేత్తో పట్టుకుని నాలుగు వైపులా చూశాను. ఒకవైపు కిటికీలు, ఒకవైపు బీరువాలు, ఒకవైపు మందుల పెట్టె. చేసేది లేక పిల్లల వైపు తిరిగి నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్ని మొహాలు ఒకేసారి ఎదురుగా ఉంటే పాఠం ఎలా చెబుతారు జనం?

ఏదో ఒకటి అడగాలని అడిగాను. "గొట్టం మధ్యలో సన్నబడింది. అక్కడ నీటి ఒత్తిడి ఎక్కువా, తక్కువా?"

"ఎక్కువ సార్" అన్నారు అందరూ. ఒక్కసారిగా, ధైర్యంగా. ఇరుకులో ఒత్తిడి ఎక్కువే కదా అన్నట్టు.

నేను బిత్తరపోయాను. వీళ్ళందరూ తక్కువ అని పరీక్షలో రాశారు. సమీకరణంతో సహా రాశారు. పూర్తి మార్కులు వేసింది నేనే. చేత్తో ఒకటి రాసి, మనసులో ఇంకోటి నమ్ముతున్నారు. వీళ్ళేనా? ఇరవై రెండేళ్ళుగా వెళ్ళినవాళ్ళందరూనా? ఆ వంతెనలూ పంపులూ కట్టేవాళ్ళందరూనా? ఆలోచన అక్కడ ఆపేశాను.

"తక్కువ" అన్నాను.

"ఎందుకు సార్?" నిద్రగన్నేరు.

"సమీకరణం ప్రకారం వేగం పెరిగితే..."

"సమీకరణం నాకొచ్చు సార్. నీళ్ళకి రాదు కదా. నీళ్ళు ఎందుకలా చేస్తాయి?"

అలవాటుగా వెనక్కి తిరిగాను. మందుల పెట్టె.

మూలన దుమ్ము గుడ్డ కప్పిన పరికరం ఉంది. అడ్డంగా ఒక గాజు గొట్టం, మధ్యలో సన్నగా. దాని మీద నిలువుగా మూడు సన్న గొట్టాలు. ఎక్కడ ఒత్తిడి ఎక్కువైతే అక్కడి నిలువు గొట్టంలో నీళ్ళు పైకి నిలబడతాయి. నేను చేరినప్పుడే కొన్నారు. పాఠంలో దాని బొమ్మ వేల సార్లు వేశాను. అసలుదాని గుడ్డ తీయడం ఇదే మొదలు. కొళాయి తిప్పాం. బురద నీళ్ళు, తర్వాత మామూలు నీళ్ళు. మొదటి గొట్టంలో నీళ్ళు లేచాయి. మధ్య గొట్టంలో లేచినట్టే లేచి దిగిపోయాయి.

"దిగింది!" అని అరిచాడొకడు.

అరిచింది నేను. ఒకడు అని రాయాల్సిన పని లేదు, నా డైరీయే కదా.

అందరూ గొట్టం చుట్టూ మూగారు. కొళాయి ఎక్కువ తిప్పితే ఇంకా దిగింది. నిద్రగన్నేరు చాలాసేపు గొట్టం వంక చూస్తూ నిలబడి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది:

"క్యాంటీన్ గుమ్మం లాగా. మనం నలిగేది గుమ్మం ముందు. వెనకవాళ్ళు తోస్తుంటారు. గుమ్మంలోకొచ్చాక ముందు ఖాళీ, విసురుగా లోపలికి పోతాం. వెనక ఎక్కువ తోస్తే, ముందు తక్కువ తోస్తేనే కదా వేగం వచ్చేది? అందుకే సన్నచోట తక్కువ. అవునా సార్?"

"అవును" అన్నాను. పరికరాన్ని గుడ్డతో మళ్ళీ తుడిచాను. దుమ్ము.

అదే సమయానికి పై అంతస్తు సదస్సులో చప్పట్లు మోగాయి. పైకప్పు సున్నం రాలి నీళ్ళలో పడింది.

బోర్డు లేకపోవడం వల్ల ఈ రోజు క్లాసు బాగా దెబ్బతింది. రెండు గంటల్లో ఒక్క విషయమే అయింది. వచ్చే శనివారం కూడా బోర్డున్న గది దొరక్కపోతే బాగుండు.

ఫిబ్రవరి 17, సోమవారం

సంతకం కోసం ఆ పిల్ల రాలేదు. మధ్యాహ్నం దాకా గదిలోనే కూర్చుని చూశాను.

మార్చి 8, శనివారం

ఇరవై మంది దాకా వస్తున్నారు. ఈ రోజు నేను చెప్పిన మూడు మాటల్లో రెండు వాళ్ళకి అర్థం కాలేదట. మొహం మీదే చెప్పారు. ఇంతకుముందు ఒక్కరూ అలా అన్న పాపాన పోలేదు. "ఇది మీకు తెలిసిందే" అని నేను దాటేసే చోటల్లా ఎవరో ఒకరు చెయ్యెత్తుతున్నారు. చాలా చోట్ల దాటేస్తానని తెలిసింది. ఒకట్రెండు చోట్ల నాకూ తెలియదని తెలిసింది. ఆ రెండింటికీ టర్బైన్ మేడం దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆవిడ అరగంట చెప్పింది. బాగానే చెబుతుంది.

వెళ్ళేముందు, "మీ నదిలో మొసళ్ళున్నాయటగా?" అంది. నవ్విందేమో. అనుమానంగా ఉంది.

మార్చి 20, గురువారం

కొత్త సెక్షన్‌లో నది, బిస్కెట్లు ఆపేశాను. ఖర్చని కాదు. బోర్డు వైపు తిరగడం కూడా తగ్గింది. మెడ పట్టేసి. పిల్లలు గొణుగుతున్నారు. ఒకడు హెడ్డుకి ఫిర్యాదు చేశాడట: "సార్ ప్రశ్నలు అడుగుతున్నారు. మేం చెప్పేదాకా ఊరుకోవట్లేదు."

ఏప్రిల్ 25, శుక్రవారం

టర్బైన్ మేడం రెండో పరీక్ష. నిద్రగన్నేరుకి యాభై ఒకటి. పేపరు పట్టుకుని నా గదికొచ్చింది. సంతోషిస్తుందనుకుని లేచి నిలబడ్డాను. మండిపడుతోంది.

"ఐదో ప్రశ్నలో మేడం నాకు మూడు మార్కులు అన్యాయం చేశారు సార్. నా పద్ధతి కూడా ఒప్పే. చూడండి."

చూశాను. పద్ధతి తప్పు. అలా అని చెప్పాను. ఒప్పుకోలేదు. ల్యాబుకెళ్ళాం, కొళాయి తిప్పాం. అక్కడ కూడా ఒప్పుకోలేదు, కొళాయి కారుతోందంది. చివరికి ఇద్దరం మేడం దగ్గరికెళ్ళాం. ముగ్గురం గంటన్నర పోట్లాడుకున్నాం. ఒక మార్కు వచ్చింది. యాభై రెండు.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర, "మా అమ్మకి ఫోన్ చేసి యాభై రెండని చెబుతా సార్. తొంభై ఆరెక్కడికి పోయాయని అడుగుతుంది. మీకిస్తా, మీరు చెప్పండి" అంది.

ఆ ఫోను నేను మాట్లాడాను. తొంభై ఆరు నేను వేసిన మార్కులనీ, యాభై రెండు వాళ్ళమ్మాయి తెచ్చుకున్నవనీ చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను.

మే 19, సోమవారం

సర్వే. మూడు పాయింట్ ఒకటి.

హెడ్డు నవ్వు మొహం బొమ్మని పక్కకి జరిపి మాట్లాడాడు. "నాలుగు పాయింట్ ఏడు నుంచి మూడు పాయింట్ ఒకటా సార్! డిపార్ట్‌మెంటు సగటు పడిపోయింది. ఈ వ్యాఖ్య చూడండి: 'క్లాసులో తలనొప్పి వస్తోంది.' శ్రేష్ఠతా సంఘం అధ్యక్షుడికి ఈ వ్యాఖ్యా?"

"శనివారం క్లాసు పిల్లల్ని కూడా అడిగి చూడండి."

"అది కోర్సు కాదు కదా సార్. నంబరు లేదు. నంబరు లేని క్లాసులో సంతృప్తి ఎలా కొలుస్తాం?"

న్యాయమే. మూడు దాటింది కాబట్టి ఫ్లూయిడ్స్ నాకే ఉంటుంది. అధ్యక్ష పదవి మాత్రం చప్పట్ల మాస్టారికి వెళ్ళింది. సోఫా కూడా.

ఈ మాటలు మెట్ల మీద తట్టినవి కావు. గదిలో నిజంగా అన్నవే: "ఆ సోఫా స్ప్రింగు ఒకటి లేచింది, ఆయన్ని చూసుకుని కూర్చోమనండి."

మే 20, మంగళవారం

ఇంట్లో ఆ తలనొప్పి వ్యాఖ్య చదివి వినిపించాను. మా ఆవిడ చాలాసేపు నవ్వింది. "మత్తు దిగితే మొదట వచ్చేది నొప్పేనండీ" అంది. మేనకోడలు వాళ్ళ ఎకనామిక్స్ మాస్టారికి మెడ పట్టేసేలా ఏదైనా చేయొచ్చా అని అడిగింది.

నాకు కొంచెం బాధగానే ఉంది. నాలుగు పాయింట్ ఏడు బాగుండేది. ఆ చప్పట్లు బాగుండేవి.

జూలై 7, సోమవారం

కొత్త టర్ము, కొత్త పిల్లలు, అదే గది. నిండా జనం. నా పేరు ఇంకా పాత కీర్తితోనే ఉన్నట్టుంది. ముందు వరసలో ఒకడు, "సార్, నది సంగతి ఈ రోజే చెబుతారా?" అని అడిగాడు.

"నాకు ఈత రాదు" అన్నాను. నవ్వారు. జోకనుకున్నారు.

ల్యాబులోంచి ఆ గాజు గొట్టాన్ని తోసుకుంటూ తెచ్చి బల్ల పక్కన పెట్టాను. సన్నచోట ఏమవుతుందో ముందు మీరు చెప్పండి, తర్వాత కొళాయి తిప్పుతాను అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అంత నిశ్శబ్దంలో ఊరికే నిలబడటం కంటే నిజంగా నది ఈదడమే సులువేమో. సుద్దముక్క జేబులో ఉంది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. ఖాళీ చెయ్యి బయటికి తీశాను.

"సార్, మీరు చెప్పేస్తే రాసుకుంటాం కదా" అన్నాడు మూడో వరసలోంచి ఒకడు.

"చెప్పను."

కాళ్ళు కదిపారు. ఒకరిద్దరు గడియారం చూశారు. ఈ లెక్కన రెండు పాయింట్ ఐదు దాటదనిపించింది. అయినా ఆగాను.

చివరికి కిటికీ పక్క అమ్మాయి చెయ్యెత్తింది. సగమే ఎత్తింది, కావాలంటే జడ సర్దుకుంటున్నానని చెప్పుకునేలా. "నీళ్ళు సన్నచోట భయపడి ఆగుతాయి సార్. వెనకవి వచ్చి గుద్దుకుంటాయి. అందుకని అక్కడ ఒత్తిడి ఎక్కువ."

వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల చెయ్యి కిందికి దిగిపోతోంది.

"ఆగమ్మా, దించకు" అన్నాను. "ఆగుతాయని ఎందుకనుకున్నావో చెప్పు."

చెప్పింది. ఇంకొకడు లేచి కాదన్నాడు. పక్కవాడు వాణ్ణి కాదన్నాడు. గంట కొట్టేశారు, కొళాయి తిప్పనే లేదు.

జవాబు తప్పు. చాలా మంచి తప్పు. రేపు దాంతోనే మొదలుపెట్టాలి.